ఉత్తరం ఎక్కడ ఉండాలి? పాప్, ఐమ్యాప్ కథ

ఎపిసోడ్‌లో సగంలో ఆపిన మాట ఇక్కడ పూర్తి చేస్తున్నా, తమ్ముళ్లూ. 2009లో సెలవుకి ఊరెళ్లొచ్చేసరికి సైటాఫీసులో పాత కంప్యూటర్ తీసేశారు. నా మెయిళ్లన్నీ దాంతోపాటే పోయాయి. కాంట్రాక్టు కాపీ, 4 నెలల ఓవర్‌టైమ్ లెక్కలు అందులోనే ఉన్నాయి. సర్వర్‌లో చూస్తే ఖాళీ! ఐటీ కుర్రాణ్ణి చాన్నాళ్లు తిట్టుకున్నా, పాపం.

అసలు సంగతి 1984 నాటిది. ఆ అక్టోబరులో జాయిస్ రేనాల్డ్స్ పాప్ అనే పద్ధతి రాసిపెట్టింది. అప్పట్లో చిన్న కంప్యూటర్‌ని రోజంతా నెట్‌కి కలిపి ఉంచడమంటే ఖరీదు వ్యవహారం. అందుకని పోస్టాఫీసుకెళ్లి ఉత్తరాలన్నీ సంచిలో వేసుకొచ్చినట్టు మెయిల్ దించుకోవడం, అక్కడ చెరిపేయడం. ఒక మనిషి, ఒక బల్ల, ఒక మిషన్ ఉన్నచోట బాగానే నడిచింది. 1988లో పాప్3 వచ్చింది, 1996లో దాని నియమాలు మళ్లీ రాశారు.

ఈలోగా 1986లోనే స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ మొదలుపెట్టాడు. ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, ఏ మిషన్ నుంచైనా చదువుకోవచ్చు. ఏడాదికో సైటు, రెండేళ్లకో క్యాంపు మారే మనకి సరిపోయేది ఇదే కదా! నా సెట్టింగుల్లో ఏముందయ్యా అంటే పాప్, పోర్టు 110. ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ అన్న గడిలో టిక్ లేదు. అంతే.

ఇప్పుడు క్యాంపుకి కొత్తగా వచ్చిన కుర్రాడి ఫోన్‌లో ఐమ్యాప్, పోర్టు 993 అని దగ్గరుండి కొట్టిస్తా. నా ఓవర్‌టైమ్ డబ్బులు మాత్రం రాలేదు.