మద్రాసు వెండికి సిడ్నీలో చిల్లు

ఆస్ట్రేలియాలో తయారైన మొట్టమొదటి నాణేనికి వెండి మద్రాసు నుంచి వెళ్లిందని చదివిన రోజు సంతోషం పట్టలేకపోయాను. 1812 నవంబరులో సమరాంగ్ అనే ఓడ 40,000 స్పానిష్ డాలర్లతో సిడ్నీ చేరింది. పంపింది ఇక్కడి ఈస్టిండియా కంపెనీ. అప్పటికి మద్రాసుకు రేవు లేదు. ఓడకెక్కే సరుకు ఏదైనా కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటాల్సిందే. ఆ పడవవాళ్లను ఎవరూ తలుచుకోరు.

సిడ్నీలో నాణేలు నిలిచేవి కావు, సరుకు తెచ్చిన ఓడలతోనే వెళ్లిపోయేవి. అందుకని గవర్నర్ మక్వారీ డాలరు నడుమ చిల్లు కొట్టించాడు. కంకణం అయిదు షిల్లింగులు, ఊడిన బిళ్ల పదిహేను పెన్నీలు. అయిదు షిల్లింగుల డాలరు ఆరుంబావు అయింది! పని చేసింది హెన్షల్, దొంగ నాణేలు కొట్టి శిక్షపడిన ఖైదీ. ముద్రలో తన పేరులోని మొదటి అక్షరం కూడా ఇరికించాడు.

దీనికి ముందే, 1797లో, ఇంగ్లండు ఇవే డాలర్లలో స్పెయిన్ రాజు బొమ్మ మెడ మీద తమ జార్జి రాజు తల చిన్నదిగా గుద్ది చెలామణీ చేసింది.

నా మనసంతా మాత్రం మద్రాసులో ఆగిపోయిన డాలర్ల మీదే. మన బట్టలు మనీలాకు వెళ్తే, బదులుగా ఈ వెండి వచ్చేది. 1807లో కోట టంకశాల ఆ డాలర్లనే కరిగించకుండా అచ్చుల మధ్య పెట్టి అర వరహాలు కొట్టింది. ఒకవైపు గోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండోవైపు తామరలోంచి వెలువడే విష్ణుమూర్తి. విలువ ఇంగ్లీషు, పారసీ, తమిళ, తెలుగు లిపుల్లో. కొన్నిటి మీద పాత స్పానిష్ అక్షరాలు పూర్తిగా అణగలేదు. మెక్సికో గని, స్పెయిన్ రాజు, మన గోపురం, మన లిపి అన్నీ ఒకే వెండి బిళ్లలో! ఇంతకన్నా అందమైన నాణెం కంపెనీ మరొకటి కొట్టలేదని నా అభిప్రాయం.

1818లో వరహాకు మూడున్నర రూపాయలని ఖాయం చేసి రూపాయిని ప్రామాణిక నాణెం చేశారు. వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసుల పాత లెక్క పోయింది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది, దాని మీద తెలుగు లేదు. తర్వాత నికెల్ అణా మీద మన అక్షరాలకు చోటిచ్చారు గానీ, వెండి రూపాయి మీద బ్రిటిష్ పాలన ముగిసేదాకా ఇవ్వలేదు. ఇది చిన్న నష్టమేమీ కాదు.

సిడ్నీ కంకణాలు 1829 నాటికి రద్దయి చాలావరకు కరిగిపోయాయి. మిగిలినవి సుమారు 300. ఆ దేశం వాటిని నెత్తిన పెట్టుకుంటుంది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఒక్క కంకణాన్నీ, ఒక్క అర వరహానూ పక్కపక్కన పెట్టి, ఈ కథ తెలుగులో, తమిళంలో రాయించాలి.