మగ్గం గుంత ఎక్కడ తవ్వాలి?

నేను పుట్టిన ఊరికి తల్లి పేరు, బతకడానికి వెళ్ళిన ఊరికి తండ్రి పేరు. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేరిట ధర్మవరాన్ని నిలిపాడని స్థల చరిత్ర. గుత్తిని ఏలిన మురారిరావు తన తండ్రి హిందూరావు పేరు మీద హిందూపురం కట్టించాడంటారు. అయితే ఊరి పేరులో ఉన్నంత మాత్రాన, ఊరు మారాలా వద్దా అన్న నిర్ణయం ఆడవాళ్ళ చేతిలో ఎప్పుడైనా ఉందా? అరవయ్యో ఏట ఆ నిర్ణయం నా ముందుకొచ్చింది కాబట్టి వెతకడం మొదలుపెట్టాను.

హిందూపురంలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయికి పెనుకొండ దగ్గర, హైవే పక్కన, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. "ధర్మవరంలో అవ్వ ఇల్లు అమ్మేసి ఇక్కడ ఫ్లాటు కొందాం. ముగ్గురం ఒకచోట ఉందాం" అంటుంది. అది అడగడంలో ప్రేమే ఉంది, కాదనను.

పెనుకొండకు ఇలా జనం తరలిరావడం కొత్తేమీ కాదు. 1565లో రాక్షస తంగడి యుద్ధంలో ఓడాక విజయనగర రాజకుటుంబం ఈ కొండకోటకే చేరింది. ఖజానా 550 ఏనుగుల మీద వచ్చిందని రాబర్ట్ సూయెల్ రాశాడు. ఏనుగులకైతే లెక్క ఉంది. వాటి వెనక నడిచి వచ్చిన వంటవాళ్ళు, దాసీలు, చంకన బిడ్డలతో సైనికుల భార్యలు ఎంతమందో, కొత్త ఊళ్ళో ఎక్కడ పొయ్యి పెట్టుకున్నారో ఆయన పుస్తకంలో నాకు కనిపించలేదు. కొన్ని దశాబ్దాలకే రాజధాని చంద్రగిరికి మారింది. మళ్ళీ మూటలు సర్దింది ఎవరో ఊహించుకోవచ్చు.

2017 ఏప్రిల్‌లో కియా కంపెనీతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఐదువందల పైచిలుకు ఎకరాల్లో ఫ్యాక్టరీ లేచింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యమట. వేరుశనగ చేలు లేఅవుట్లయ్యాయి, కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా చీలి మా మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మా అమ్మ దీన్నొక్కదాన్నీ మెచ్చుకుంది. "కదలకుండానే జిల్లా మారినాం గదమే!"

ఇళ్ళు చూడ్డానికి వెళ్ళాం. ఒక యజమాని మా వెనక్కి చూసి "సారు రాలేదా?" అన్నాడు. సారు లేరని, ముగ్గురం ఆడవాళ్ళమేనని తెలిశాక అద్దె గురించి మాట్లాడటం మానేసి మా గురించి అడగడం మొదలుపెట్టాడు. ఊరు మారింది, ప్రశ్న మారలేదు.

అమ్మ అడిగిన ప్రశ్న వేరు. "రెండో అంతస్తులో గుంత యాడ తవ్విస్తావు?"

మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, నేసేవాళ్ళు అందులో కాళ్ళు దించి తొక్కుడు చెక్కలు తొక్కుతారు. మట్టి చెమ్మకు పోగు తెగకుండా ఉంటుంది. అంటే మగ్గం ఇంట్లో ఉన్న వస్తువు కాదు, మగ్గం చుట్టూ ఇల్లు కట్టారు. పట్టుగూళ్ళ మార్కెట్ హిందూపురంలో, చీర ధర్మవరంలో. ఆ రెంటి మధ్యా కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం ఆడవాళ్ళ పని. అమ్మ పొద్దున వంటకు ముందు, రాత్రి మేం పడుకున్నాక రాట్నం తిప్పేది. కూలి లెక్కలో మాత్రం నాన్న పేరు ఒక్కటే ఉండేది. ఆయన పోయాక పన్నెండేళ్ళు ఆమే గుంతలో కూర్చుని నేసింది. అప్పుడు కూడా వీధిలో ఆమె 'నేతాయన పెళ్ళాం'.

మగ్గాన్ని గుడిలా పొగిడే వ్యాసాలంటే నాకు చిరాకు. ఆ గుంతలో మోకాళ్ళ నొప్పులున్నాయి, షావుకారు అప్పులున్నాయి. నేనే అందులోంచి పారిపోయి రైలెక్కాను. 1890లలో వేసిన ఆ రైలుదారి లేకపోతే నా చదువూ లేదు. అంచు పట్టుచీరల్ని చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఉండగానే మా వీధిలో మరమగ్గాల చప్పుడు మొదలైంది. మారుతున్నది పెనుకొండ ఒక్కటే అనుకుని ధర్మవరం ఉన్నచోటే ఉందని భ్రమపడటానికి లేదు.

కానీ ఆ ఇల్లు అమ్మితే అమ్మ ఏం కోల్పోతుంది? ఎనభై రెండేళ్ళ వయసులో కూడా పక్కింటివాళ్ళు కండెలు తెచ్చిస్తారు, చుట్టినందుకు డబ్బులిస్తారు. అవి ఆమె చీరకొంగులో ముడేసుకునే సొంత డబ్బులు. ఫ్లాటులో ఆమెకు అన్నం ఉంటుంది, మనవరాలు ఉంటుంది, పని ఉండదు. మా అమ్మాయికీ నాకూ జీతమూ పెన్షనూ ఉన్నాయి కాబట్టి ఈ నష్టం మాకు కనబడలేదు. ఇంటి విలువ సెంట్లలో లెక్కేశాం. అందులో ఆమె పనిచోటు లెక్కకు రాలేదు. సూయెల్‌ని తప్పుపట్టిన నేనే ఏనుగుల్ని లెక్కపెట్టాను!

చివరికి ఇల్లు అమ్మడం లేదు. పెనుకొండలో పదకొండు నెలలకు అద్దె ఒప్పందం రాసుకున్నాం, నా పేరు మీదే. ఆ సారు అడగని ఇంకో యజమాని దొరికాడు. అమ్మ ఒక్క షరతు పెట్టింది. రాట్నం తనతో రావాలి, పదిహేను రోజులకోసారి ధర్మవరం పోయి చుట్టిన కండెలిచ్చి కొత్త పట్టు తెచ్చుకోవాలి. ఆ బరువు మోసేది నేనే. బాల్కనీ వెడల్పు రాట్నానికి చాలుతుందో లేదో ఆదివారం వెళ్ళి కొలవాలి.