నల్లజీడి, తెల్లచొక్కా, ఒక పులిపిరి

సెప్టెంబర్ 23 ఆయుర్వేద దినం. 2016 నుంచి ధన త్రయోదశి నాడు జరిపేవారు. ఆ తిథి వచ్చే తేదీ ఏటా మారుతోందని 2025లో సెప్టెంబర్ 23కి ఖాయం చేశారు. ఇలాంటి రోజున మధుమేహం లాంటి పెద్ద జబ్బు గురించి రాయడం మర్యాద. నాకేమో చిన్న జబ్బుల మీదే మక్కువ, అందులోనూ పులిపిరి మీద. ప్రాణం తీయదు, చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. పెళ్లిచూపుల ముందు మాత్రం నిద్ర పట్టనివ్వదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ అరుగు మీద చెయ్యి చూపించినా ఒక మందు దొరుకుతుంది: జిల్లేడు పాలు, మర్రి పాలు, దంచిన వెల్లుల్లి, సున్నంలో ముంచిన తమలపాకు కాడ. లేదంటే గుర్రపు తోక వెంట్రుకతో మొదలంటా బిగించి కట్టమంటారు.

సుశ్రుతుడు దీని చుట్టాన్ని మషకమన్నాడు. మినపగింజలా నల్లగా, గట్టిగా, నొప్పి లేకుండా పైకి లేస్తుందని చెప్పి క్షుద్రరోగాల్లో, అంటే చిన్న జబ్బుల్లో, చేర్చాడు. చెక్కేసి, క్షారంతోనో నిప్పుతోనో కాల్చమన్నాడు. ఉత్తరేణిలాంటి మొక్కల బూడిద నుంచి తీసే ఘాటైన పదార్థమే ఆ క్షారం. అక్కడి నుంచి వెయ్యేళ్లకు పైగా ఒక్క గంతు వేద్దాం. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ఆరోగ్యశాలనూ ప్రసూతిశాలనూ పేర్కొంది. పులిపిరి ఊసు లేదు. ఎవరూ చావని జబ్బుకు రాయి చెక్కించేదెవరు?

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది నల్లజీడి కథ.

జీడిమామిడి పోర్చుగీసువాళ్లు తెచ్చిన చెట్టు. నల్లజీడి మన అడవిదే. చూడటానికి చిన్న నల్లటి గుండెకాయలా ఉంటుంది. తొక్కలో చిక్కటి జీడి రసం ఉంటుంది. గాలి తగిలితే నల్లబడుతుంది, సున్నం తోడైతే బట్టను పట్టుకుని మరి వదలదు. అందుకే ఊరందరి బట్టలూ ఒకే రేవులో ఉతికే చాకలికి అది సిరా అయింది. గింజను సూదితో గుచ్చి, అంచు మీద ఒక చుక్కో గీతో పెడితే దొరగారి పంచె దొరగారింటికే చేరేది, జీతగాడి పంచె జీతగాడింటికి. అక్షరం రాకపోయినా ఊరి బట్టల లెక్కంతా ఆ చుక్కల్లోనే ఉండేది. వందల ఇళ్ల గుర్తులను తలలో పెట్టుకున్న ఆ జ్ఞాపకశక్తికి ఎవరూ సన్మానం చేయలేదు.

ఆ రసమే పులిపిరి మీదా పెట్టేవారు. తగిలిన చోట చర్మం పొక్కేది, చుట్టూ వాచేది, ఒక్కోసారి నల్లమచ్చ మిగిలేది. చరకుడు రసాయన ప్రకరణంలో దీన్ని మెచ్చుకున్నాడు. కానీ వైద్యులెవరూ పచ్చిగింజను నమ్మరు, ఇటుకపొడిలో రుద్ది జీడి పీల్చించాకే వాడతారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ గింజ అమెరికా దాకా పేరు తెచ్చుకుంది. మన దేశంలో దిగిన సైనికుల మెడ వెనక దురద, పొక్కులు లేచాయి. వైద్యులు తలలు పట్టుకుని చివరికి చొక్కా కాలర్లు తిరగేశారు. అక్కడ చాకలి గుర్తు! ఉతికి ఆరేసినా జీడి చావలేదు. 1943లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ముగ్గురు వైద్యులు ఆ సంగతి అచ్చేశారు. తుపాకులున్న సైన్యాన్ని ఒక నల్లచుక్క గోకించిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇక్కడి నుంచి కథ తిన్నగా నడవదు. 1907లో ఇటలీ వైద్యుడు చ్యూఫో, పులిపిరి రసాన్ని బాక్టీరియా దాటలేనంత సన్నని వడపోతలో వడకట్టి, తన చేతికే ఎక్కించుకున్నాడు. పులిపిరి మొలిచింది, అది వైరస్ పనేనని తేలింది. ఆ వైరస్ చర్మం పై పొరల్లోనే నక్కి ఉంటుంది కనుక ఒంట్లోని రక్షణ దళానికి తొందరగా కనపడదు. జీడి మంట పెడితే ఆ దళం అటు పరుగెత్తుతుంది. ఈనాటి చర్మవైద్యులు ఎమ్మెమ్మార్ టీకా మందును పులిపిరిలోకే ఎక్కించడం వెనక ఉన్నదీ ఇంచుమించు ఈ ఎత్తే. దీని పక్కనే పేచీ పెట్టే లెక్క ఒకటుంది. 1963లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో పిల్లల పులిపిర్లు మూడింట రెండొంతులు రెండేళ్లలో వాటంతటవే రాలిపోయాయి. ఆఖరున ఏ మందు రాస్తే పేరు దానిదే. హోమియో దుకాణంలో థూజా, అరుగు మీద జిల్లేడు, గుళ్లో ఉప్పూ మిరియాల మొక్కు, అన్నీ ఆ రెండేళ్లలోనే వాటా అడుగుతాయి.

ఇప్పుడు రజకుల చేతిలో మార్కర్ పెన్ను ఉంది, నల్లజీడి దిష్టితాడుకు పరిమితమైంది. దాని కుర్చీలో సెల్‌ఫోన్ వీడియో చెప్పిన సున్నం, చాకలిసోడా ముద్ద కూర్చుంది. అది వైరస్‌నూ మంచి చర్మాన్నీ ఒకే తీరున తినేస్తుంది. మందుల షాపులో దొరికే సాలిసిలిక్ ఆమ్లం నెలల తరబడి రాయాలి, ఆ ఓపిక ఎవరికుంది? ముఖం మీదైనా, మర్మాంగాల దగ్గరైనా, షుగర్ ఉన్నవాళ్ల పాదాల మీదైనా అదీ వద్దు, జీడి అసలే వద్దు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలే ఉంది, డాక్టర్‌కి చూపించుకోండి.