ఖుష్క్‌సాలీ వేరు, కహత్ వేరు

మా దాదీమా దస్తర్‌ఖాన్ ఎత్తే ముందు గుడ్డ మీద రాలిన మెతుకులు ఒక్కొక్కటే వేలితో ఏరుకునేది. పిల్లలం చూసి నవ్వితే కోప్పడేది కాదు. "కహత్ దేఖే సో లోగాఁ హస్తే నై" అనేది. కహత్ చూసినవాళ్ళు నవ్వరట. ఆమె కూడా చూసింది కాదు, వాళ్ళ అమ్మ చెబితే విన్నది. అయినా ఆ భయం ఆమె వేళ్ళలో ఉండిపోయింది.

ఉర్దూ మీడియం బడిలో మాకు తవారీఖ్ చెప్పిన ఉస్తాద్ ఒకరోజు బోర్డు మీద రెండు మాటలు పక్కపక్కన రాశారు. ఖుష్క్‌సాలీ, కహత్. వాన పడకపోతే ఖుష్క్‌సాలీ, తిండి దొరక్క జనం చచ్చిపోతే కహత్. మొదటిది ఆస్మాన్ నుంచి వస్తుంది, రెండోది హుకూమత్ నుంచి వస్తుంది అన్నారు. తర్వాత డిగ్రీలో తెలుగు చదువుతుంటే రెంటికీ కలిపి ఒకటే మాట ఎదురైంది: కరువు. అనావృష్టి, క్షామం అని పుస్తకాల్లో విడివిడి మాటలు ఉన్నాయి గానీ ఊళ్ళో నోటికొచ్చే మాట కరువే. పొలం ఎండినా కరువే, పొయ్యి ఆరినా కరువే. అందుకేనేమో దునియాలో భూక్ ఎందుకుందని ఎవరినడిగినా ముందు ఆకాశం వంక చూస్తారు. తర్వాత జనాభా ఎక్కువైందంటారు. ఉస్తాద్ రాసిన ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో తెలియాలంటే తవారీఖ్‌లోకే వెళ్ళాలి.

మన వైపు పెద్దలు ధాత కరువు అనే దాంతో మొదలుపెడదాం. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగింది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు, మైసూరు, హైదరాబాద్ రియాసత్, బొంబాయి వైపు దక్కన్, అన్నీ అల్లాడాయి. చనిపోయినవాళ్ళు 50 లక్షలకు తక్కువ కాదని అంచనా. వానలు పోయిన మాట నిజమే. కానీ అప్పటికే రైలు వచ్చింది. రైలుంటే అనాజ్ లేని చోటికి అనాజ్ చేరుతుందని దొరలు చెప్పారు. రైలు అనాజ్‌ను మోసింది కూడా, ధర ఎక్కువ పలికే చోటికి. కొనడానికి చేతిలో పైసా లేనివాడి ఊళ్ళో దించలేదు. ఆ రోజుల్లోనే హిందూస్తాన్ గోధుమలు ఓడలెక్కి ఇంగ్లాండ్ పోతూనే ఉన్నాయి. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బార్ జరిపి, విక్టోరియా మలికా ఇక ఖైసర్-ఎ-హింద్ అని ఏలాన్ చేశాడు.

రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సంగతి మరీ విచిత్రం. 1873-74లో బీహార్‌లో పంట పోతే ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనం ప్రాణాలు కాపాడాడు. ఖర్చు ఎక్కువ పెట్టావని పైవాళ్ళు ఆయన్నే తప్పు పట్టారు. ఆ తర్వాత మద్రాసుకు పంపితే, రోజంతా రాళ్ళు కొట్టిన మగమనిషికి ఒక పౌను అనాజ్, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలని తేల్చాడు. ఆ కూలీతో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. ప్రాణాలు కాపాడినప్పుడు తిట్లు, పైసలు కాపాడినప్పుడు శభాష్. కహత్ ఎలా తయారవుతుందో చెప్పడానికి ఈ ఒక్క కిస్సా చాలు.

ఇంత జరిగాక 1880లో కమిషన్ నివేదిక వచ్చింది. దాని మీద 1883లో ఫామిన్ కోడ్ తయారైంది. ధరలు పెరిగి, జనం ఊళ్ళు వదిలి పోతుంటే కహత్ అని ఏలాన్ చేయాలి, పని చూపించాలి, పని చేయలేనివాళ్ళకు ఉచితంగా తిండి పెట్టాలి అని అందులో రాసుకున్నారు. అరవై ఏళ్ళ తర్వాత బెంగాల్‌లో ఆ కోడ్ అక్కరకు రావాల్సిన రోజు వచ్చింది.

1942లో జపాన్ ఫౌజు బర్మాను పట్టుకుంది. బర్మా బియ్యం ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో పదిమందికి మించి మోసే పడవలన్నీ సర్కారు లాక్కుంది, చాలావాటిని పాడుచేసింది. నీళ్ళ మీద బతికే ముల్కులో పడవ పోతే చేప పోయినట్టే, సంత పోయినట్టే. అక్టోబర్ 16న మిడ్నాపూర్ మీద తుఫాను విరుచుకుపడి 14 వేల మందికి పైగా చనిపోయారు. ఇంకోవైపు జంగ్ కోసం సర్కారు నోట్లు కుమ్మరిస్తోంది. కలకత్తాలో ఫ్యాక్టరీ కార్మికులకు, దఫ్తర్ ఉద్యోగులకు చవక బియ్యం అందేలా చూసుకున్నారు. పల్లె కూలీ గురించి ఆలోచించినవాళ్ళు లేరు. పక్క సూబాలు తమ అనాజ్ బయటికి పోకుండా దర్వాజా మూసుకున్నాయి. ధర ఇంకా పెరుగుతుందని వ్యాపారి బస్తాలు దాచాడు, పెద్ద రైతూ దాచాడు.

1942 డిసెంబర్‌లో కలకత్తాలో మణుగు బియ్యం 13, 14 రూపాయలు. మార్చికి 21. మే నెలలో 30 దాటింది. అక్టోబర్‌లో చిట్టగాంగ్‌లో 80, ఢాకాలో 105. కూలీ మాత్రం పెద్దగా పెరగలేదు. జనం పల్లెలు వదిలి కలకత్తా ఫుట్‌పాత్‌ల మీదికి వచ్చి, దుకాణాల ముందే పడి చనిపోయారు. లోపల మిఠాయి ఉంది, బియ్యం ఉంది. వాళ్ళ దగ్గర పైసా లేదు.

ఇక్కడ మనం మన గిరేబాన్‌లో కూడా తొంగి చూసుకోవాలి. అప్పటి బెంగాల్ వజీరే ఆజం ఖ్వాజా నాజిముద్దీన్, ఆహార వజీర్ సుహ్రవర్దీ. 1943 వేసవిలో సుహ్రవర్దీ అనాజ్‌కు కొరత లేదని జనానికి చెబుతూ వచ్చారు. జూన్‌లో దాచిన బియ్యం కోసం ఇళ్ళు సోదా చేయించారు. పెద్ద గోదాములున్న కలకత్తా, హౌరాలను మాత్రం ఆ సోదా నుంచి వదిలేశారు. లీగ్ వాళ్ళు హిందూ వ్యాపారుల్ని నిందించారు, మహాసభ వాళ్ళు ముస్లిం వ్యాపారుల్ని నిందించారు. ఫుట్‌పాత్ మీద జనాజాలూ శవాలూ కలిసే పడి ఉన్నాయి. హాకిమ్ మనవాడైనంత మాత్రాన భూకా కడుపు నిండదు.

ఆగస్టులో ఢిల్లీ సర్కారు 5 లక్షల టన్నుల గోధుమ అడిగితే, ఓడలు ఖాళీ లేవని లండన్‌లో చర్చిల్ కేబినెట్ దాన్ని కోసేసింది. వైస్రాయ్ లిన్లిత్‌గో ఒక్కసారైనా బెంగాల్ వెళ్ళి కళ్ళతో చూడలేదు. ఫామిన్ కోడ్ కాగితం మీదే ఉండిపోయింది. కహత్ అని ఏలాన్ చేస్తే తిండి పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ మాటే అనలేదు.

ఆ ఖామోషీని తెంచింది ఒక అఖ్బార్. 1943 ఆగస్టు 22న స్టేట్స్‌మన్ ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధుల్లో పడి ఉన్న మనుషుల ఫోటోలు అచ్చువేశారు. అది దొరల పత్రిక, ఎడిటర్ కూడా దొరే. అయినా వేశారు. సహాఫత్‌లో ఇన్నేళ్ళుగా ఉన్న నాకు ఆ తేదీ మర్చిపోవడం సాధ్యం కాదు. మైమన్‌సింగ్ వైపు నుంచి వచ్చిన కుర్ర ముసవ్విర్ జైనుల్ ఆబిదీన్ చవక కాగితాల మీద నల్ల సిరాతో బొమ్మలు గీశారు. ఎముకలు, కాకులు, ఖాళీ గిన్నెలు. చిత్తప్రసాద్ బొమ్మల పుస్తకం వేస్తే సర్కారు కాపీలు జప్తు చేసి కాల్చేసింది. అక్టోబర్‌లో కొత్త వైస్రాయ్ వేవెల్ వచ్చి, వారంలోనే కలకత్తా వెళ్ళి, ఫౌజును సాయానికి దించాడు. అప్పటికే లక్షలమంది పోయారు. సర్కారీ కమిషన్ లెక్క 15 లక్షలు, తర్వాతి పరిశోధకుల లెక్క 30 లక్షల దాకా.

ఆ ఏడు శాంతినికేతన్‌లో పదేళ్ళ లోపు పిల్లాడొకడు ఇదంతా చూశాడు. తన చుట్టాల్లో గానీ స్నేహితుల్లో గానీ ఒక్కరు కూడా ఆకలితో పోలేదని గమనించాడు. ఆ పిల్లాడే అమర్త్య సేన్. 1981లో రాసిన కితాబ్‌లో ఆయన లెక్కలు తీశారు. 1943లో బెంగాల్‌లో ఉన్న అనాజ్ అంతకు ముందు ఐదేళ్ళ సగటు కంటే సుమారు 5 శాతమే తక్కువ. కహత్ రాని 1941తో పోలిస్తే 13 శాతం ఎక్కువ. తెగులు సోకి పంట ఇంకా ఎక్కువే పోయిందని వాదించినవాళ్ళున్నారు. కానీ ఎవరు పోయారన్నదాని మీద బహస్ లేదు. వ్యవసాయ కూలీ, బెస్తవాడు, మంగలి. బియ్యం ధర పెరిగితే జనం ముందు క్షవరం మానేస్తారు. మంగలి చేతిలో కత్తి అలాగే ఉంటుంది, హునర్ అలాగే ఉంటుంది, దాంతో వచ్చే బియ్యం మాత్రం గుప్పెడుకు తగ్గిపోతుంది. బజార్‌లో అనాజ్ ఉందా అని కాదు, దాని మీద చెయ్యి వేసే హక్ ఎవరికుంది అని అడగమన్నారు సేన్.

బెంగాల్‌లో ఖుష్క్‌సాలీ లేకుండానే కహత్ వచ్చింది. దానికి ఉల్టా కథ మహారాష్ట్రలో జరిగింది. వరసగా ఎండిన ఏళ్ళ తర్వాత 1972-73లో అక్కడ ధాన్యం దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. అలాంటి ఏడాది దొరల కాలంలో వస్తే లక్షల సమాధులు లేచేవి. సర్కారు చెరువులు, రోడ్లు, బావుల పనులు తెరిచింది. 1973 మే నాటికి దాదాపు 50 లక్షలమంది ఆ పనుల్లో ఉన్నారు. కూలీ చేతికి వచ్చింది, వ్యాపారి అనాజ్ తెచ్చాడు, రేషన్ దుకాణాలూ తోడయ్యాయి. బాధలు పడ్డారు, కానీ కహత్ రాలేదు. ఆ తజురుబాతోనే 1977లో ఆ రాష్ట్రం ఉపాధి హామీ చట్టం చేసింది. దేశం మొత్తానికి అలాంటి చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే.

ఈ ఇల్మ్ అప్పుడే పుట్టింది కాదు. 1784లో అవధ్‌లో కహత్ నడుస్తుంటే నవాబ్ ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా కట్టించడం మొదలుపెట్టారు. ఈరోజు మనం టికెట్ కొని చూసే ఆ ఇమారత్ అప్పట్లో వేలమందికి రోజు కూలీ. అంతకంటే వెనక్కి పోతే హిజ్రీ 18, మదీనా చుట్టూ గాలికి బూడిద లేచిన సంవత్సరం. హజ్రత్ ఉమర్ షామ్‌కు, మిస్ర్‌కు ఉత్తరాలు రాసి అనాజ్ కాఫిలాలు తెప్పించారని, ఆకలితో దొంగతనం చేసినవాడి మీద సజా ఆపారని, జనం తినగలిగేదాకా తాను నెయ్యి ముట్టలేదని రివాయత్‌లు చెబుతాయి. హాకిమ్ పళ్ళెంలో ఏముందో జనానికి తెలియడం కూడా ఒక బందోబస్తే.

ఇప్పటి సంగతి చూద్దాం. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో దునియాలో 67 కోట్లకు పైగా మనుషులు ఆకలితో ఉన్నారు. అదే దునియా ఏటా 280 కోట్ల టన్నులకు పైగా ధాన్యం పండిస్తోంది. 800 కోట్ల జనాభాకు పంచితే తలకు ఏడాదికి 350 కిలోలు, రోజుకు దగ్గర దగ్గర కిలో. పిల్లాడికీ ముసలివాడికీ కలిపి. అందులో పెద్ద వాటా పశువుల దాణాకు పోతుంది, ఇంకొంత బండ్లలో పోసే ఇంధనం అవుతుంది. 2022లో ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేశాయి. అందులో 60 శాతం ఇళ్ళలోనే. మన వలీమాల తర్వాత షాదీఖానా వెనక గోడ దగ్గర ఏం పోస్తారో మీకూ తెలుసు. దావత్ పెట్టొద్దని అనను. ఎంతమంది వస్తారో అన్ని దేగ్‌లే ఎక్కించండి.

పారేసే తిండి మిగిల్చినంత మాత్రాన సూడాన్ కడుపు నిండదు, అది కూడా ఒప్పుకోవాలి. 2024 ఆగస్టులో దార్‌ఫూర్‌లోని జమ్‌జమ్ క్యాంపులో కహత్ ఉందని నిపుణులు తేల్చారు. అక్కడ దారులు మూసింది జంగ్. గాజా నగరంలో, దాని చుట్టుపక్కల కహత్ ఉందని తేల్చింది 2025 ఆగస్టు 22న. కలకత్తా ఫోటోలు అచ్చయిన సరిగ్గా అదే తారీఖు, 82 ఏళ్ళ తర్వాత. సరిహద్దుకు అవతల ట్రక్కుల్లో పిండి ఉంది, ఇవతల పిల్లలు ఎండిపోయారు. మనుషుల్ని ఆకలితో మాడ్చడాన్ని హథియార్‌గా వాడటం తప్పని 2018లో భద్రతా మండలి 2417 నంబర్ తీర్మానం చేసింది. బెంగాల్ ఫామిన్ కోడ్‌లాగే అదీ కాగితం మీద ఉంది.

ఇక మన చేతిలో ఏముంది? ఖైరాత్ ఉంది. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతాం, మంచిదే. కానీ మాల్‌లో బీదవాడికి ఉన్నది దయ కాదు హక్ అని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఈ దేశంలో ఆ హక్ కాగితం మీద ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2001లో బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు హుకుం ఇచ్చింది, 2013లో ఆహార భద్రత చట్టం అయింది. ఆ హక్ కాగితం నుంచి పళ్ళెంలోకి వచ్చే దారిలోనే ఎక్కడో తెగుతుంది. రేషన్ కార్డులో పేరు పోతుంది, ముసలమ్మ వేలిముద్ర మిషన్‌లో పడదు, చేసిన పనికి కూలీ నెలల తరబడి రాదు. తవారీఖ్ పుస్తకాల్లో కహత్ మొదలయ్యేది ఇలాంటి చిన్న సంగతులతోనే.

అందుకని ఈసారి కిట్ ఇచ్చేటప్పుడు ఇంకో నిమిషం ఆగి ఆ ఇంట్లో వాళ్ళని అడగండి: అమ్మా, మీ కార్డు నడుస్తోందా? నడవకపోతే వాళ్ళతో కలిసి దఫ్తర్‌కు వెళ్ళండి, ఆరోజు పని కాకపోతే మళ్ళీ వెళ్ళండి.