బల్ల మీది యుద్ధానికి ఇద్దరు కావాలి

బొమ్మ సైనికుల్ని బల్ల మీద మోహరించి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ యుద్ధం ఆడేవాళ్లు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నారు. దీన్ని మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. మీకిది ఎలా అబ్బిందని వాళ్లలో ఎవరినైనా అడిగి చూడండి. పుస్తకం పేరో దుకాణం పేరో తర్వాత వస్తుంది. ముందు ఒక మనిషి సంగతి వస్తుంది. మేనమామో, పక్కింటి కుర్రాడో, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడో. నాకు చూపించింది ఇక్కడ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో నాతోపాటు ఆస్పత్రిలో పనిచేసిన ఒక పెద్దాయన. ఈ ఆట చరిత్ర చదివేకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. ఆటను తయారుచేసింది సైనికాధికారులే కావచ్చు. అందులోని ఆనందాన్ని పట్టుకున్నది మాత్రం ఇంట్లో నేల మీద చతికిలబడ్డ మామూలు మనుషులు, అదీ ఇద్దరిద్దరుగా.

దీనికి మూలం మన దేశంలో పుట్టిన చదరంగమే. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడు చదరంగం పలకను బాగా పెద్దది చేసి, గళ్లకు రంగులేసి, ఇది కొండ, ఇది నీరు అని నేలను చూపించాడు. 1812లో ప్రష్యాకు చెందిన రైస్విట్జ్ గళ్లనే తీసేశాడు. రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు సొరుగులున్న పెద్ద బల్ల ఒకటి చేయించి ఇచ్చాడు. నేల ముక్కల్ని దాని మీద ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. రైస్విట్జ్ కొడుకు ఫిరంగిదళంలో అధికారి. 1824లో అతను దాన్ని మ్యాపు మీదికి మార్చి నిబంధనలు అచ్చువేశాడు. మ్యాపు స్కేలు ఎనిమిది వేలకు ఒకటి, ఒక్కో వంతు అంటే యుద్ధంలో రెండు నిమిషాలు. మధ్యలో ఒక తీర్పరి ఉంటాడు. ఎవరికి ఎవరు కనబడతారో, ఎవరి ఆజ్ఞ ఎప్పుడు అందుతుందో ఆయనే చెబుతాడు. ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి ముఫ్లింగ్‌కు అది ఎంత నచ్చిందంటే, రెజిమెంట్లన్నిటికీ సిఫారసు చేశాడు.

అంతవరకూ అది శిక్షణ. సరదా కోసం ఆడినవాళ్లు లేకపోలేదు గానీ, పై అధికారి చూస్తుండగా ఆడే ఆట ఎంత బాగున్నా పాఠంలాగే ఉంటుంది.

1881 చలికాలంలో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఊపిరితిత్తుల జబ్బుతో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉన్నాడు. వెంట భార్య ఫానీ, ఆమె మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు లాయిడ్. కుర్రాడికి అప్పుడు పదమూడేళ్లు. వాళ్లున్న ఇంటి అటక మీదికి నిచ్చెన ఎక్కి పోవాలి. నిటారుగా నిలబడ్డానికి చోటుండదు, కొవ్వొత్తి లేనిదే ఏమీ కనబడదు. ఆ అటక నేల మీద వాళ్లిద్దరూ సుద్దముక్కతో రోడ్లు, నదులు, కొండలు గీసి, సీసపు సైనికులతో వారాల తరబడి సాగే యుద్ధాలు ఆడారు. ఫిరంగుల బదులు బొమ్మ తుపాకులు. స్టీవెన్సన్ అంతటితో ఆగలేదు. యుద్ధరంగం నుంచి విలేకరులు పంపుతున్నట్టుగా ఊహా పత్రికలకు వార్తలు రాశాడు. సేనాపతుల మీద నిందలు, ఖండనలు, పుకార్లు అన్నీ వాటిలో ఉన్నాయి. లాయిడ్ 1898లో ఈ సంగతులన్నీ వ్యాసంగా ప్రకటించాడు. మంచం పట్టవలసిన మనిషి అటక మీద బోర్లా పడుకుని గురిచూస్తున్న దృశ్యం ఊహించుకుంటే, నాకు ఈ ఆట మీద గౌరవం పెరుగుతుంది. మారుతండ్రికీ ఆ కుర్రాడికీ స్నేహం కలిపిన ఆట అది.

ఇంటింటికీ అలాంటి ఆట రావాలంటే బొమ్మలు చవక కావాలి. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ సీసపు సైనికుల్ని లోపల డొల్లగా పోతపోయడం మొదలుపెట్టింది. అచ్చులో కరిగిన సీసం పోసి, అంచుల దగ్గర గట్టిపడగానే మిగతాది వంపేస్తే పైపొర ఒక్కటే మిగులుతుంది. సీసం ఆదా అయింది, బరువు తగ్గింది, ధర దిగింది. జర్మనీ నుంచి వచ్చే గట్టి పోత బొమ్మలకు ఇవి గట్టి పోటీ ఇచ్చాయి. అదే కంపెనీ స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగి కూడా అమ్మింది. అంగుళం పొడవున్న కొయ్య గుండును అది ఎంత సూటిగా కొడుతుందో రచయిత హెచ్.జి. వెల్స్ మురిసిపోతూ రాశాడు.

ఆ ఫిరంగే వెల్స్‌ను ఈ ఆటలోకి దింపింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక అతిథి, పిల్లవాడు వదిలేసిన బొమ్మల దగ్గర కుర్చీ లాక్కుని, ఫిరంగి గురిపెట్టి ఒక సైనికుణ్ణి పడగొట్టాడు. వెల్స్ అతని పేరు పొడి అక్షరాల్లోనే చెప్పాడు. హాస్య రచయిత జెరోమ్ కె. జెరోమ్ అని అందరూ అనుకుంటారు. పడగొట్టినవాడు గొప్పలు చెప్పుకున్నాడు, నువ్వు కొట్టు చూద్దామని సవాలు విసిరాడు. అక్కడి నుంచి ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు తివాచీ మీద కొండలయ్యాయి.

1913లో వచ్చిన వెల్స్ పుస్తకం ‘లిటిల్ వార్స్’లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఆ మొదటి ఆట ఎందుకు బాగా లేదో ఆయన విప్పిచెప్పిన చోటు. కాల్బలం వంతుకు అడుగు, గుర్రం రెండడుగులు కదలొచ్చు. ఇద్దరు సైనికులు తగిలితే బొమ్మా బొరుసూ వేసి ఎవరు చచ్చారో తేల్చేవాళ్లు. ఫలితం ఏమిటంటే, అందరూ లావుపాటి పుస్తకాల వెనక నక్కి కూర్చున్నారు, తల బయటపెట్టినవాడు ఫిరంగికి బలి. అప్పుడు స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి చేయి వేశారు. వాళ్లలో ఒకరు దక్షిణాఫ్రికా యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన కెప్టెన్. ప్రతి వంతుకూ గడియారం పెట్టారు, ఆలోచిస్తూ కూర్చోవడం కుదరకుండా. ఫిరంగి పేలాలంటే దగ్గర్లో నలుగురు సైనికులు ఉండాలన్నారు. ముఖాముఖి పోరులో బొమ్మా బొరుసూ తీసేసి లెక్క పెట్టారు. మొదట్లో ఎవరి సైన్యం ఎక్కడుందో తెలియకుండా గది మధ్యలో తెర కట్టారు.

వాటిలో ఒక నిబంధన చూడండి. నేలను, అంటే కొండలు, ఇళ్లు, చెట్లు, ఒక ఆటగాడు పేరుస్తాడు. ఏ వైపు నుంచి పోరాడాలో రెండోవాడు ఎంచుకుంటాడు. పేర్చేవాడు తనకు అనుకూలంగా పేర్చుకుంటే అది ఎదుటివాడి చేతికే పోవచ్చు. తీర్పరి అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. న్యాయం ఆటలోనే ఇమిడిపోయింది. ప్రష్యాలో అధికారి చేసిన పనిని ఇక్కడ ఇద్దరు స్నేహితుల ఒప్పందం చేస్తోంది. ఈ ఆట వయసుకు వచ్చింది ఇక్కడే అంటాను నేను.

పుస్తకం చివర వెల్స్ చెప్పిన మాట కూడా అక్కడి నుంచే పుట్టింది. ఈ చిన్న యుద్ధం మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో, మనిషి నేర్పుకు ఎంత మించిన పనో అర్థమవుతుందన్నాడు. యుద్ధపిపాసులందరికీ ఒక గదీ, కావలసినన్ని సీసపు బొమ్మలూ ఇచ్చేయమన్నాడు. మరుసటి ఏడాదే మహాయుద్ధం వచ్చింది. దాంతో ఆయన మాట తప్పయిపోలేదు, మరింత నిజమైంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఆట ఆడేవాళ్లు చెల్లాచెదురుగా ఉండేవాళ్లు. ఊరికొకడు, తనలాంటివాడు ఇంకొకడున్నాడని తెలియకుండా. కాలిఫోర్నియాలోని విసేలియాలో జాక్ స్క్రూబీ అనే ఆయన బొమ్మలు పోతపోసి అమ్ముతూ, 1957లో ‘వార్ గేమ్ డైజెస్ట్’ అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. నిబంధనలు, యుద్ధాల కథనాలు పోస్టులో సముద్రాలు దాటాయి. ఇక్కడ మా సౌతాంప్టన్‌లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ఉండేవాడు. యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి వచ్చి ఫిజియోథెరపిస్టుగా స్థిరపడ్డాడు, ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కూడా పనిచేశాడు. ఇదే ఊళ్లో టోనీ బాత్ అనే స్నేహితుడు దొరికాడు. 1961లో ఆటగాళ్లందరినీ ఇక్కడికి పిలిచి సమావేశం జరిపారు. 1962లో ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం వచ్చింది. నాకు ఆట నేర్పిన పెద్దాయన దాన్ని ఊరి లైబ్రరీ నుంచి పదే పదే తెచ్చుకున్నాడట. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1959 నుంచి, ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ప్లాస్టిక్ సైనికుల పెట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. చేతిఖర్చు డబ్బులతో బడిపిల్లవాడు సైన్యం కూడగట్టగలిగే కాలం వచ్చింది. చవక బొమ్మ, సులువైన పుస్తకం, ఎదురు కూర్చునే స్నేహితుడు: ఈ మూడూ ఒక్కచోట చేరినప్పుడే ఈ ఆట తీపి జనానికి తెలిసింది.

టోనీ బాత్ ఇంకో అడుగు వేశాడు. హైబోరియా అనే ఊహా ఖండాన్ని తీసుకుని, దానికి రాజులను, సేనానులను సృష్టించి, పేక ముక్కలు తీసి ఒక్కొక్కరికీ స్వభావాలు నిర్ణయించి, ఏళ్ల తరబడి యుద్ధయాత్రలు నడిపాడు. ఇలా ఒక్కో పాత్రకు ప్రాణం పోసే ధోరణి అమెరికాలో వేరే దారిలో పెరిగింది. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి ‘చెయిన్‌మెయిల్’ రాశాడు. దాని నుంచే 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది.

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను. మాది పిఠాపురం దగ్గర. చందుర్తి మాకు ఎంతో దూరం కాదు. 1758 డిసెంబర్‌లో అక్కడ కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సైన్యం, కాన్‌ఫ్లాన్ నడిపిన ఫ్రెంచి సైన్యాన్ని ఓడించింది. ఇంగ్లీషువాళ్లను పిలిపించింది విజయనగరం ఆనంద గజపతిరాజు. రెండు పక్షాల్లోనూ ఐరోపావాళ్లు ఐదేసి వందలకు అటూ ఇటూ. మిగతా వేలమంది సిపాయిలు మన దేశం వాళ్లే. ఫోర్డ్ దగ్గరి సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. అతని ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన పైరు చాటున ఉండిపోయింది. ఎర్ర కోట్లను చూసి వాళ్లే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచి పటాలం సిపాయిల మీద పడి, తరుముకుంటూ వరస చెదరగొట్టుకుంది. అప్పుడు చేలోంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి దెబ్బతీసింది.

దీన్ని బల్ల మీద పెట్టడానికి పైరు కావాలి. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ను ముక్కలుగా కోసి, పీచు కొసలకు పసుపు కలిసిన ఆకుపచ్చ పూస్తే చేను సిద్ధం. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సైనికుడికి ముందు నల్ల ప్రైమర్ కొట్టి, దాని మీద ముదురు ఎరుపు, మడతల అంచుల మీద లేత ఎరుపు, చివరికి తలపాగా. కుంచె కొస మీద రెండు వెంట్రుకలు నిలిస్తే చాలు, గుండీలు కూడా పడతాయి. కష్టమంతా వేరే చోట ఉంది. చరిత్ర తెలిసిన ప్రత్యర్థి చేను చాటున ఏముందో తెలిసే ఆడతాడు కదా. అందుకని ఊరి పేరు, సేనాపతుల పేర్లు మార్చాను. బొమ్మలు కనబడేదాకా వాటి బదులు అట్టముక్కలు పెట్టాను. పెద్దాయన తన ఫ్రెంచి పటాలాన్ని ఎర్ర కోట్ల మీదికి తోలాడు, కాన్‌ఫ్లాన్ చేసినట్టే. ఆ క్షణంలో చందుర్తి గురించి నాకు తెలిసింది ఏ పుస్తకమూ చెప్పలేదు: కాన్‌ఫ్లాన్ మూర్ఖుడు కాడు, కళ్లకు కనబడింది నమ్మాడు, అంతే.

ఇప్పుడు బొబ్బిలి గురించి మాట్లాడుకుంటున్నాం. మామూలుగా మా నిబంధనల ప్రకారం సగం మంది పడిపోయిన దళం ధైర్యం నిలుస్తుందా అని పాచిక వేసి చూస్తాం. 1757 జనవరిలో ఆ కోటలో ఉన్నవాళ్లు నిలిచారు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు గోడలు పగలగొట్టినా తలవంచలేదు. కాబట్టి ఆ దళాలకు ఆ పాచిక తీసేశాం. ఆడవాళ్లను, పసివాళ్లను కోట లోపల తమవాళ్లే చంపుకున్న సంగతి పెద్దాయనకు చెప్పాను. చాలాసేపు వాదించుకున్నాక ఒక నిబంధన రాసుకున్నాం: ప్రహరీ బయటి పోరాటం వరకే ఆట, శత్రువు కోటలో అడుగుపెట్టగానే ఆట ముగుస్తుంది, లోపల జరిగినదానికి పాచిక వేయం. బజారులో దొరికే ఏ నిబంధనల పుస్తకంలోనైనా ఫిరంగి ఎంత దూరం కొడుతుందో ఉంటుంది. ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఆడే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే, ఈ ఆట నాకిచ్చిన గొప్ప ఆనందం ఆ తేల్చుకోవడంలోనే ఉంది.