కోటలోని దేవాలయము, దాని పేర్ల పుస్తకములు

బైబిలు చదువుకొనువారిలో చాలమంది దాటిపోవు అధ్యాయములు కొన్ని కలవు. ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము, నెహెమ్యా 7వ అధ్యాయము, రోమా పత్రిక 16వ అధ్యాయము అట్టివి. వాటిలో వరుసగా పేర్లే ఉండును. కుటుంబ ప్రార్థనలో ఆ భాగము వచ్చినప్పుడు చదువు పిల్లవాడు తడబడును. పెద్దలు తరువాతి అధ్యాయము తీయుమందురు. అయితే చెరనుండి తిరిగి వచ్చిన ఇశ్రాయేలీయులకు ఆ పట్టిక ప్రాణముతో సమానమై యుండెను. యాజకుల వంశమువారమని చెప్పుకొనియు, తమ పేర్లు పట్టికలో చూపలేకపోయినవారు యాజకత్వమునకు దూరమైరని ఎజ్రా తెలుపుచున్నాడు. కాబట్టి మనుష్యుని పేరు వ్రాయబడుటయు, వ్రాయబడకపోవుటయు స్వల్ప విషయము కాదు. ఒక పాత దేవాలయపు చరిత్రను ముందుంచుకొని ఈ సంగతిని ఆలోచింతము.

చెన్నపట్టణములో సెంట్ జార్జి కోట లోపల సెంట్ మేరీ దేవాలయము ఉన్నది. ఇండియాలో ఆంగ్లికనులు కట్టిన దేవాలయములలో నేటికి నిలిచియున్న మిక్కిలి పాతది ఇదియే. ఇప్పుడది దక్షిణ ఇండియా సంఘమునకు చెందినది. చుట్టును తమిళనాడు ప్రభుత్వ కచేరీలు ఉన్నను అక్కడ ఆరాధన మానలేదు.

చెన్నపట్టణము మనకు దూరము గదా, ఆ గుడితో గోదావరి సీమవారికి పనియేమని ఎవరైన అడుగవచ్చును. ఇంగ్లీషు వర్తకులు 1611లో మన బందరు రేవునకు వచ్చిరి. 1639లో వారికి చెన్నపట్టణపు ఇసుక నేలను ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగు ప్రభువు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరే ఆ పట్టణమునకు వచ్చినది. వారి వర్తకమునకు మూలమైన బట్టలో మంచి భాగము మన డెల్టా మగ్గములమీద నేసినది. నరసాపురము ప్రక్కన, నేడు పంటుమీద సఖినేటిపల్లికి దాటు మాధవాయిపాలెము రేవు నెరుగనివారు మనలో అరుదు. అక్కడ ఈస్టిండియా కంపెనీవారికి వర్తకశాల యుండెను. ఆ ఊరి పేరే కొంత మారి మడపోలము అను బట్టకు పేరై సీమదేశము చేరెను. సెంట్ మేరీ దేవాలయమును తలపెట్టిన గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టరు దొర, దాని గోడలు లేచుచుండగా 1679లో బందరునకును మాధవాయిపాలెమునకును స్వయముగా వచ్చి వర్తకపు లెక్కలు తనిఖీ చేసెను. ఆ గుడి కంపెనీ ధనముతో గాక కోటలోని ఉద్యోగస్థులు వేసికొన్న చందాలతో కట్టబడెను. వారి జీతములును లాభములును బట్ట వర్తకమునుండి వచ్చినవే గనుక, మన నేతగాండ్ర కష్టము కూడ ఆ గోడలలో ఇమిడియున్నదని చెప్పవచ్చును.

1678వ సంవత్సరము మార్చి 25న, దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగనాడు పని మొదలుపెట్టిరి. అందుచేతనే దానికి మరియమ్మ పేరు పెట్టిరి. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగెను. గోడలు నాలుగు అడుగుల మందము. కప్పు ఇటుక కమానులతో రెండడుగుల మందముగా కట్టినది. ఫిరంగి గుండ్లకు కూలకుండవలెనని అట్లు కట్టిరి. గోపురము తరువాతి కాలమున చేర్చిరి.

గోడలకంటె విలువైనవి దాని పుస్తకములు. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు అని మూడు విధములుగా 1680 మొదలుకొని అక్కడ పేర్లు వ్రాయుచు వచ్చిరి. ప్రతిష్ఠ జరిగిన వారమునకే, అనగా నవంబరు 4న, మొదటి వివాహము వ్రాయబడెను. వరుడు ఎలీహు యేల్. వధువు కేతరిన్ హిన్మర్స్ అను విధవరాలు. ఈ యేల్ దొర తరువాత గవర్నరాయెను. 1718లో అతడు పంపిన కానుకనుబట్టి అమెరికాలో ఒక కళాశాలకు అతని పేరు పెట్టిరి. అదియే నేటి యేల్ విశ్వవిద్యాలయము. 1753 ఫిబ్రవరి 18న రాబర్టు క్లైవు వివాహమును ఇక్కడనే జరిగెను. సర్ తామస్ మన్రో గవర్నరుగా ఉండగా 1827 జూలైలో పత్తికొండలో కలరా తగిలి చనిపోయి గుత్తిలో పాతిపెట్టబడెను. తరువాత ఆయన అస్థికలను తెచ్చి ఈ దేవాలయములోనే ఉంచిరి. రాయలసీమవారు నేటికిని ఆయన పేరు చెప్పుకొందురు.

చరిత్ర పుస్తకములు ఈ గొప్పవారితో ఆగిపోవును. మనము మరికొంత నిదానించి చూతము. 1689లో ముగ్గురు ఆడపిల్లలు ఇక్కడ బాప్తిస్మము పొందిరి. వారు కలకత్తా నగరమునకు పునాది వేసెనని చెప్పబడు జాబ్ చార్నాకు కుమార్తెలు. వారి తల్లి మన దేశపు స్త్రీ. తండ్రి పేరు లోకమంతయు ఎరుగును. ఆ తల్లిని ఆమె కన్నవారు ఏ పేరున పిలిచిరో చరిత్ర భద్రపరచలేదు. యేల్ దొర అధికారము చేసిన దినములలో మనుష్యులను బానిసలుగా ఓడ లెక్కించి పంపిరని కోట దస్త్రములే చెప్పుచున్నవి. అతని పెండ్లి తేదీ మనకు తెలియును. ఆ ఓడ లెక్కినవారు ఆ దస్త్రములలో లెక్కకు వచ్చిరి గాని పేరునకు రాలేదు. గుడికి సున్నము నూరిన కూలీలు, దొరలను పల్లకీలో మోసిన బోయీలు, అలలమీద సరుకు దింపిన పడవవారు, మాధవాయిపాలెము నేతగాండ్రు, వీరి పేర్లకును ఆ పుస్తకములలో చోటు లేకపోయెను. దేవుని మందిరములో కూడ మనుష్యులు గొప్పవారి పేర్లకు ముందు చోటు ఇత్తురని ఇందువలన తెలిసికొనుచున్నాము.

అయినను ఆ సంఘమువారు చేసిన ఒక మేలును మనము నేర్చుకొనవలెను. వారు తమ పుస్తకములను కాపాడిరి. 1698 మొదలుకొని వాటి ప్రతులు లండనుకు పంపబడుచు వచ్చెను. అవి నేటికిని అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. 1758లో వారు మరల ముట్టడించినప్పుడు పాత శ్మశానములోని సమాధుల చాటున నిలిచి కోటమీద కాల్చిరి. యుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లీషువారు ఆ సమాధులను తీసివేసిరి గాని పేర్లు చెక్కిన రాళ్లను పారవేయలేదు. వాటిని కోటలోనికి తెచ్చి దేవాలయము చుట్టును నేలమీద పరచిరి. వాటిలో ఎలిజబెత్ బేకరు అను స్త్రీ రాయిమీద 1652 అని యున్నది. ఇండియాలోని ఇంగ్లీషువారి సమాధి రాళ్లలో అదియే మిక్కిలి పాతదందురు. క్రింద ఎముకలు లేకపోయినను పైన పేరు నిలిచినది.

ఇక మన సీమకు వత్తము. 1836లో ఇండియాకు వచ్చిన బౌడన్, బీర్ దొరలు నరసాపుర ప్రాంతమున సువార్త చెప్పిరి. 1841లో నోబుల్, ఫాక్సు దొరలు చర్చి మిషనరీ సొసైటీ తరపున బందరులో పని ప్రారంభించిరి. 1854లో ఆ పని ఏలూరునకు వచ్చెను. రాజమహేంద్రవరములో 1840ల దశకముననే లూథరను మిషనెరీలు స్థిరపడిరి. 1859లో రాఘవాపురము పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆయన అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడిన జనములో పుట్టినవారు. ఆయన వెనుక ఊళ్లకు ఊళ్లు కదలివచ్చెను.

అప్పుడు మన పల్లెలలో ఒక క్రొత్త కార్యము జరిగెను. కరణముగారి లెక్కలలో భూమి గలవారి పేర్లుండెను. భూమి లేని కూలివాడు ఫలానా కామందు పాలేరు అని పిలువబడెను. అతని పేరు కాగితమునకు ఎక్కిన అది అప్పు పత్రముమీదనే. అతని భార్య పేరు ఏ కాగితములోను లేదు. అట్టి ఇంటికి పాదిరిగారు ఒక పుస్తకము తీసికొని వచ్చి, నీ పేరేమి, నీ తండ్రి పేరేమి, తల్లి పేరేమి అని అడిగి వ్రాసికొనెను. ఎవరికిని బాకీ లేకుండ, ఎవని పాలేరనియు అనకుండ, ఆ పేరు వ్రాయబడెను. చార్నాకు పిల్లల తల్లికి దొరకని గౌరవము మన అవ్వలకు ఆ పుస్తకములో దొరికెను. సెంట్ మేరీ పుస్తకములో గవర్నర్లున్నారు. మన పల్లె గుడి పుస్తకములో మన ముత్తాతలున్నారు. మనకు ఏది ఎక్కువ విలువైనది?

అట్టి పుస్తకములు నేడు ఎక్కడ ఉన్నవి? కొన్ని వరదలలో పోయినవి. 1864 నవంబరు 1న బందరుమీదికి సముద్రము పొంగి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగెను. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను చూచితిమి. అట్టివి మన చేతిలో లేనివి. కాని చెదలు తిన్న పుస్తకములు, కాపరి బదిలీ అయినప్పుడు ఎవరి ఇంటనో ఉండిపోయినవి, వానకు తడిసి అంటుకొనిపోయినవి, వీటికి తుపానును నిందింపలేము. మన పిల్లలకు బడిలో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు ఉండుట సాధారణము. పుస్తకము పోయినయెడల ఆ రెండవ పేరు పోవును. దానితో ఆ బిడ్డను దేవునికి అప్పగించిన దినమునకు సాక్ష్యమును పోవును.

కాబట్టి సంఘ పెద్దలారా, ఈ కొద్ది పనులు చేయుడి. పాత పుస్తకములను ఎండలో పెట్టక నీడలో ఆరబెట్టి, మూతగల ఇనుపపెట్టెలో, నేలకు ఎత్తుగా ఉంచుడి. చదువుకొన్న యౌవనస్థులచేత వాటికి మరియొక ప్రతి వ్రాయించుడి; చేతిలో ఫోనుగలవారు ప్రతి పుటకు ఫొటో తీసి మరియొకచోట దాచవచ్చును. రెండు చోట్ల ఉన్నది ఒక్క వరదకు పోదు. వివాహమును 1872 క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ఇద్దరు సాక్షుల సంతకములతో అదే దినమున వ్రాయుడి. బాప్తిస్మము వ్రాయునప్పుడు తల్లి పేరు విడువకుడి. సమాధుల తోటలో రాయి పెట్టుకొనలేని బీదవాని పేరును భూస్థాపన పుస్తకములో తప్పక వ్రాయుడి. సంవత్సరమునకు ఒకసారి, సంఘ వార్షికోత్సవమునాడు, మొదట బాప్తిస్మము పొందినవారి పేర్లను గుడిలో చదివించుడి. మనుమలు తమ తాతల పేర్లు వినవలెను.

ప్రియులారా, డెబ్బదిమంది శిష్యులు దయ్యములు తమకు లోబడినవని సంతోషించి వచ్చినప్పుడు, అంతకంటె గొప్ప సంతోషమొకటి ఉన్నదని ప్రభువు వారికి చూపెను. వారి పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నవి. ఆ పుస్తకమునకు చెదలు లేవు. కోట పుస్తకమున చోటు దొరకని నేతగాడును, ఓడలో పేరు లేకుండ పోయిన బానిసయు, ప్రతివాని పేరు నెరిగిన దేవునికి మరుగైనవారు కారు. ఆ ప్రభువు సేవకులమైన మనము, మన చేతికి అప్పగింపబడిన చిన్న పుస్తకములో ఒక్క పేరును పోగొట్టక నమ్మకముగా వ్రాసి దాచుదము.