నక్కల కోసం మళ్లీ మశూచి టీకా

యాభై దాటినవాళ్ల చేతి మీద నాణెమంత టీకా మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. మశూచిని తరిమిన వాక్సీనియా వైరస్ గుర్తు అది. 1980లో మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించాక దానికి పని లేకుండా పోయింది. రెండేళ్లకే అమెరికాలో బెర్నార్డ్ మాస్ బృందం, ఎంజో పావొలెట్టి బృందం విడివిడిగా అందులోకి వేరే వైరస్ జన్యువును చొప్పించి చూపించాయి.

అప్పటికి ఐరోపా అడవుల్లో నక్కల రేబిస్ పోలండ్ వైపు నుంచి పడమటికి పాకుతోంది. 1966లో బెల్జియం చేరింది, 1968లో ఫ్రాన్స్. కాల్చారు, బొరియల్లోకి విషవాయువు వదిలారు. ఖాళీ అయిన చోటికి కొత్త నక్కలు వచ్చేవి. 1978లో స్విట్జర్లాండ్ వాళ్లు కోడి తలకాయల్లో టీకా పెట్టి రోన్ లోయలో చల్లారు. అది పనిచేసింది. కానీ అందులో ఉన్నది బలహీనపరిచినదైనా బతికున్న రేబిస్ వైరసే. ఎలుకలు తింటే ఏమిటన్న భయం వదల్లేదు.

1984లో విస్టార్ ఇన్‌స్టిట్యూట్, ట్రాన్స్‌జీన్ కంపెనీ శాస్త్రవేత్తలు రేబిస్ వైరస్ పైపొరలోని ఒక్క ప్రోటీన్ జన్యువును మాత్రమే వాక్సీనియాలో పెట్టారు. నక్క నోట్లో ఆ వైరస్ పెరిగి ప్రోటీన్ తయారుచేస్తుంది, ఒంట్లో రక్షణ పుడుతుంది. ఒక్క ప్రోటీన్‌తో రేబిస్ రావడం అసాధ్యం.

అయినా తొందరపాటు జరిగింది. 1986లో అర్జెంటీనాలోని అజుల్‌లో ఈ టీకాతో ఆవుల మీద జరుపుతున్న ప్రయోగాన్ని, తమ అనుమతి లేదంటూ అక్కడి ప్రభుత్వం ఆపించింది. ఆ కోపం న్యాయమే. బెల్జియం మాత్రం 1987లో ముందు ఒక సైనిక స్థలంలో చిన్నగా పరీక్షించి, తర్వాతే 2,200 చదరపు కిలోమీటర్లకు వెళ్లింది. చేపపొడి ఎరలను హెలికాప్టర్ల నుంచి జారవిడిచారు. ఎవరు తిన్నారో తెలిసేదెలా? ఎరలో టెట్రాసైక్లిన్ కలిపారు. అది పళ్లలో, ఎముకల్లో పేరుకుని అతినీలలోహిత కాంతిలో పసుపుగా మెరుస్తుంది. వేటగాళ్లు తెచ్చిన నక్కల దవడలు కోసి చూస్తే 81 శాతం తిన్నట్టు తేలింది.

ముప్పు బొత్తిగా లేదనలేం. 2000లో అమెరికాలోని ఒహాయోలో, కుక్క నోట్లోంచి ఇలాంటి టీకా ఎర లాక్కోబోయిన ఒకామెను అది కరిచింది. చేతికి వాక్సీనియా పుండ్లు లేచాయి. కోలుకుంది.

2001కల్లా బెల్జియం నక్కల్లో రేబిస్ లేదు. చావులు తగ్గి నక్కల సంతతి పెరిగింది. ఇప్పుడక్కడి పశువైద్యుల దిగులు వాటి పేగుల్లోని బద్దెపురుగు గురించి.